హిప్‌హాప్ గేయములలో వస్తువ్యామోహము - అభద్రత

హిప్‌హాప్ అను పేరున నేడు లోకమంతట వ్యాపించిన గాన సంప్రదాయమును గూర్చి పెద్దలు తఱచుగా చేయు ఆక్షేపణ యొకటి కలదు. ఈ గేయములందు బంగారు గొలుసులు, వజ్రములు, కార్లు, ఖరీదైన మద్యము, నోట్లకట్టలు తప్ప వేఱు విషయము లేదనియు, పాడువాడు తన సంపదను తానే పొగడుకొనుట తప్ప మఱియొకటి యెఱుగడనియు వారందురు. ఈ ఆక్షేపణలో సత్యము లేకపోలేదు. కాని ఆ గేయములను కడవఱకు విన్నవారికి మఱియొక విషయము గూడ గోచరించును. సంపదను చాటిన గొంతే, పెక్కుమారులు ఆ పాటలోనే, నిద్రపట్టని రాత్రులను గూర్చియు, తెల్లవాఱకముందే వచ్చు దుర్వార్తను గూర్చియు, చెలికానిని నమ్మజాలకుండుటను గూర్చియు చెప్పుచుండును. ఈ రెండు భావములకు గల సంబంధ మెట్టిది? అవి యాదృచ్ఛికముగ ఒకచో చేరినవా, లేక ఒకదానినుండి మఱియొకటి పుట్టినదా? ఈ ప్రశ్నను చారిత్రక దృష్టితో పరిశీలించుట ప్రస్తుత వ్యాసోద్దేశము.

ముందుగా పరిభాషను నిర్ణయించుకొనుట అవసరము. వాద్యలయ ననుసరించి ప్రాసబద్ధముగ పలుకు గేయమును రాప్ అందురు. రాప్, గ్రామఫోను రికార్డులను చేతితో నడిపి క్రొత్త లయలను కల్పించుట, బ్రేక్ నృత్యము, గోడలపై రంగుల వ్రాతలు - ఈ నాలుగింటిని కలిపి హిప్‌హాప్ అని వ్యవహరింతురు. మేమిట వస్తువ్యామోహ మనుచున్నది తత్త్వశాస్త్రమున చెప్పు భౌతికవాదము కాదు. కంటికి కనబడు వస్తువులచే మనుష్యుని విలువ నిర్ణయింపబడునను భావము మాత్రమే. అభద్రత యనుమాట రెండర్థములలో వాడబడుచున్నది. ఇల్లు, జీవిక, ప్రాణము ఎప్పుడు పోవునో తెలియని స్థితి బాహ్యాభద్రత. తన విలువను గూర్చి తనకే నమ్మకము చాలని స్థితి ఆంతరాభద్రత. ఈ రెండింటిని వేఱుపఱచి చూడనిచో ఈ గేయముల తత్త్వము బోధపడదు.

తెలుగు శాఖకు ఈ విషయముతో పనియేమని కొందఱు ప్రశ్నింపవచ్చును. మన విద్యార్థులు ఈ గేయములను నిత్యము వినుచున్నారు. తెలుగు చలనచిత్ర గీతములలో రాప్ ఖండములు చేరి చాలకాలమైనది. పైగా ఇది ప్రాసయందును, ఆశుధారయందును, ప్రతిపక్షిని మాటలతో గెలుచుటయందును బలము గల వాచిక కవిత. అవధానములను, చాటువులను పరిశోధించువారు దీనిని వినదగినదిగా నెంచుట అసహజము కాదు.

ఈ సంప్రదాయపు జననమునకు చరిత్రకారులు సాధారణముగ ఒక తేదీని చెప్పుదురు. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ నగరమునందలి బ్రాంక్స్ ప్రాంతములో, సెడ్జ్‌విక్ ఎవెన్యూ 1520వ సంఖ్య గల భవనములోని వినోదశాలయందు ఒక విందు జరిగినది. కూల్ హెర్క్ అను పేర ప్రసిద్ధుడైన క్లైవ్ క్యాంప్‌బెల్ ఆ రాత్రి రికార్డులను నడిపెను. ఆతడు జమైకా ద్వీపమున పుట్టి 1967లో కుటుంబముతో బ్రాంక్సునకు వలసవచ్చినవాడు. పాటలో వాద్యము మాత్రమే మ్రోగు చిన్న భాగమును రెండు యంత్రముల సాయమున మరల మరల వినిపించి నర్తకులను ఉత్సాహపఱచుట ఆతని కల్పన. ఈ సంగతి అందఱు వ్రాయుదురు. అంతగా గమనింపబడని విషయము వేఱొకటి కలదు. ఆ విందును ఏర్పాటు చేసినది ఆతని సోదరి సిండీ. బాలికలకు 25 సెంట్లు, బాలురకు 50 సెంట్లు ప్రవేశరుసుము. క్రొత్త విద్యాసంవత్సరమున బడికి కట్టుకొనిపోవుటకు మంచి బట్టలు కొనుక్కొనవలెనని ఆమె ఆ సొమ్మును కూడబెట్టదలచెను. కావున హిప్‌హాప్ పుట్టిన నాటి రాత్రియే దానివెనుక ఒక వస్త్రాపేక్ష యున్నది. అది దురాశ కాదు. తోడివారియెదుట చిన్నబోకుండవలెనను బాలిక కోరిక. తరువాతి యర్ధశతాబ్దపు ఆడంబరమంతయు ఈ చిన్న కోరికనుండి పెరిగిన వృక్షమని చెప్పుట అతిశయోక్తియగును. కాని బీజమును ఎఱుగుట మేలు.

ఆ బీజము పడిన నేల యెట్టిది? అమెరికాలో 1933న గృహస్థుల ఋణముల కొఱకు ప్రభుత్వము ఒక సంస్థను స్థాపించెను. ఆ సంస్థ 1930వ దశకపు ఉత్తరార్ధమున నగరముల పటములను తయారుచేసి, అప్పిచ్చుట ప్రమాదకరమని తాను తలచిన పేటలకు ఎఱ్ఱరంగు పూయించెను. నల్లజాతివారు నివసించు పేటలు మిక్కిలిగ ఆ రంగు క్రిందనే చేరినవి. 1934లో ఏర్పడిన గృహనిర్మాణ ఋణ హామీ శాఖయు ఇట్టి వివక్షనే పాటించెను. ఇండ్ల విషయమున జాతివివక్షను నిషేధించు శాసనము 1968లో గాని రాలేదు. అనగా యుద్ధానంతరమున తెల్లజాతి మధ్యతరగతి కుటుంబములు ప్రభుత్వపు హామీతో ఇండ్లు కొని ఆస్తి పెంచుకొన్న తరములో, నల్లజాతి కుటుంబములకు ఆ ద్వారము చాలమట్టుకు మూయబడియుండెను.

బ్రాంక్సునకు దీనిపై మఱియొక విపత్తు వచ్చినది. రాబర్ట్ మోజెస్ ఆధ్వర్యమున 1948లో ఆరంభమైన క్రాస్-బ్రాంక్స్ రాజమార్గము జనసమ్మర్దము గల పేటల నడుమనుండి పోయి వేలకొలది నివాసులను లేవగొట్టెను. కర్మాగారములలోని కొలువులు తఱిగినవి. 1975లో న్యూయార్క్ నగర ప్రభుత్వమే దివాలా యంచునకు చేరెను. 1970వ దశకమంతయు దక్షిణ బ్రాంక్సులో భవనములు తగులబడుచునే యుండెను. బీమా సొమ్ము కొఱకు కొందఱు యజమానులు తామే నిప్పు పెట్టించిరి. పొదుపు పేరున నగరపాలకులు అగ్నిమాపక దళములను తగ్గించిరి. 1977 అక్టోబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ షార్లట్ వీథిలోని శిథిలముల నడుమ నిలిచిన ఛాయాచిత్రము లోకమంతట ప్రచురింపబడినది.

ఇట్టి నేలపై పెరిగిన బాలునికి ఇల్లు అనునది నమ్మదగిన వస్తువు కాదు. అది ఎవరిదో యైయుండును, రేపు కాలిపోవచ్చును, లేదా దారికొఱకు కూల్పబడవచ్చును. స్థిరాస్తి యను మాటలోని స్థిరత్వము ఆతని యనుభవములో లేదు. మిగిలినది చరాస్తి. అందును ఒంటిపై ధరింపదగినది, వీథిలో నలుగురు చూడదగినది. మన దేశమున కూడ భూమిపై హక్కు లేని స్త్రీలకు తరతరములుగ నగలే ఆస్తియైన చరిత్రను మన మెఱుగుదుము. అక్కడి గొలుసును ఇక్కడి కాసులపేరును ఒకటిగ జూచుట పొరపాటు. మనయింట నగ పెట్టెలో నుండి పండుగకు వెలువడును. అక్కడి గొలుసు ప్రతిదినము వీథిలోనే యుండును. ఆ భేదము ముఖ్యమైనది. పెట్టెలోని నగ రక్షణ నిచ్చును. వీథిలోని నగ గౌరవమును, దానితోపాటు అపాయమును గూడ కొనితెచ్చును.

1979లో షుగర్‌హిల్ గ్యాంగ్ వెలువరించిన 'రాపర్స్ డిలైట్' అను రికార్డు ఈ గానమును మొదటిసారి దేశమంతటికి వినిపించెను. అందులో ఒక గాయకుడు తనకు రెండు పెద్ద కార్లున్నవనియు, అంగరక్షకులున్నారనియు, చెక్కుపుస్తక మున్నదనియు, ఇంట రంగుల టెలివిజన్ ఉన్నదనియు చాటును. ఆ గాయకుడు బిగ్ బ్యాంక్ హ్యాంక్. రికార్డు చేయుటకు పిలువబడునాటికి ఆతడు న్యూజెర్సీలో ఒక పిజ్జా అంగడిలో పనిచేయుచుండెను. ఆతడు పలికిన చరణములు ఆతనివి కావు. బ్రాంక్సు కవియైన గ్రాండ్‌మాస్టర్ క్యాజ్ వ్రాసికొన్న పుస్తకములోనివి. క్యాజ్ తన మాఱుపేరును అక్షరము అక్షరముగ పలికిన భాగముతో సహా హ్యాంక్ దానిని పలికెను. వేఱొకని ముద్రతో నున్న కీర్తనను తనదిగ పాడినట్లైనది. ఆ రికార్డు విశేషముగ అమ్ముడుపోయినను క్యాజ్‌కు ఆనాడు పేరును రాలేదు, సొమ్మును రాలేదు. ఈ సంప్రదాయపు మొదటి ప్రసిద్ధ సంపద్వర్ణన సంపద లేనివాడు వ్రాయగా, సంపద లేనివాడు పలికినదని దీనివలన తేలుచున్నది. కావున ఆ పంక్తులను ఆస్తిపట్టికగా చదువరాదు. అవి కోరికల పట్టిక.

మూడేండ్ల తరువాత, 1982లో, గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అండ్ ది ఫ్యూరియస్ ఫైవ్ పేర 'ది మెసేజ్' వెలువడెను. ఇందులో సంబరము లేదు. పగిలిన గాజు, ఎలుకలు, తీర్చలేని అప్పులు, మతి తప్పునేమో యను భయము - ఇవి ఇందలి వర్ణనలు. కడపటి చరణములో ఒక శిశువు కథ వచ్చును. మురికిపేటలో పుట్టిన ఆ బాలుడు పేటలోని జూదరులను, మాదకద్రవ్యముల వర్తకులను చూచి, వారి పెద్దకార్లను, వారు వెదజల్లు నోట్లను చూచి, తానును వారివలె కావలెనని తలచి, చెఱసాలలో అంతమొందును. మొదటి రికార్డులో చాటబడిన కార్లే ఇందు మఱల కనబడుచున్నవి. అక్కడ అవి చాటింపు, ఇక్కడ వల. వస్తువ్యామోహము, అభద్రత ఒకే నాణెమున కిరుప్రక్కలుగ నున్నట్లు ఈ రెండు రికార్డులను జతగా విన్నచో తెలియును. అమెరికా జాతీయ గ్రంథాలయము 2002వ సంవత్సరమునకు భద్రపఱుపదగిన ధ్వనిముద్రణల మొదటి పట్టికను ప్రకటించినపుడు అందు చేరిన హిప్‌హాప్ రికార్డు 'ది మెసేజ్' మాత్రమే.

వస్త్రము గౌరవచిహ్నమైన విధమునకు 1980వ దశకము మంచి సాక్ష్యము. రన్-డి.ఎం.సి. బృందము 1986లో తమ అడిడాస్ పాదరక్షలను గూర్చి ఒక పాట కట్టెను. లేసులు కట్టని ఆ జోళ్లను తొడుగువారు నేరస్థులను అపోహ ఆనాడుండెను. తాము ఆ జోళ్లతో నడిచినది సభలకు, బళ్లకు, సేవాకార్యములకే కాని దొంగతనములకు కాదని ఆ పాట తాత్పర్యము. పైకి చూచిన అది వస్తుస్తుతి. లోన అది అభియోగమునకు సమాధానము. ఆ సంవత్సరమే మాడిసన్ స్క్వేర్ గార్డెనులో వేలమంది శ్రోతలు తమ జోళ్లను పైకెత్తి చూపగా, ఆ దృశ్యమును చూచిన పిమ్మట అడిడాస్ సంస్థ బృందముతో ఒప్పందము కుదుర్చుకొనెను. ఈ బృందమువారు క్వీన్స్ భాగములోని హాలిస్ పేటవారు. అది దక్షిణ బ్రాంక్సువలె శిథిలమైన పేట కాదు. సొంత ఇండ్లు గల కుటుంబములెన్నో అందుండెను. కావున కడుపేదఱికమే ఈ వస్తుస్తుతికి కారణమనుట చాలదు. ఎదుటివాడు తనను దొంగగ చూచునను ఎఱుక కూడ ఒక కారణము.

హార్లెమ్ 125వ వీథిలో 1982న డాపర్ డాన్ అను దర్జీ తెఱచిన దుకాణపు చరిత్ర ఈ విషయమునే మఱింత స్పష్టపఱచును. ఐరోపాదేశపు విలాస సంస్థలు నల్లజాతి యువకుల అభిరుచిని లెక్కింపని కాలమున, ఆతడు ఆ సంస్థల చిహ్నములను తానే తోలుపై ముద్రించి, క్రొత్త కోట్లు కుట్టి గాయకులకు, మల్లులకు, వీథివర్తకులకు అమ్మెను. చిహ్నముల స్వామిత్వమును గూర్చిన వ్యాజ్యములవలన, సోదాలవలన 1992లో ఆ దుకాణము మూతపడెను. 2017లో గూచీ సంస్థ తన ప్రదర్శనలో చూపిన ఒక కోటు, డాపర్ డాన్ 1980లలో కుట్టిన దానిని పోలియున్నదని పెద్ద విమర్శ చెలరేగెను. పిదప ఆ సంస్థయే ఆతనితో చేరి 2018లో హార్లెములో ఆతని కార్యశాలను మఱల తెఱపించెను. ఒక కాలమున అపరాధమైనది మఱియొక కాలమున అలంకారమైనది. విలాసవస్తువు అందించు గౌరవము ఎంత అస్థిరమైనదో, ఆ గౌరవమును ఇచ్చు అధికారము ఎవరి చేతిలో నుండెనో దీనివలన గ్రహింపవచ్చును.

డాపర్ డాన్ కుట్టిన కోట్లు ఎరిక్ బి. - రకీమ్ అను జంట 1987లో ప్రకటించిన 'పెయిడ్ ఇన్ ఫుల్' సంపుటపు అట్టపై కనబడును. ఆ కోట్లవెనుక నేపథ్యముగ డాలరు నోట్లు. సంపుట నామమునకు మొత్తము సొమ్ము ముట్టినదని యర్థము. కాని ఆ పేరుతోనే యున్న పాట ప్రారంభమున కవి చేతిలో చెమట తప్ప వేఱేమియు లేదు. జేబు తడవిన సొమ్మంతయు ఖర్చైపోయినది. పూర్వము దోపిడీలు చేసితిననియు, ఇపుడు న్యాయమైన పని వెదకుచున్నాననియు ఆతడు చెప్పుకొనును. అట్టపై ధనము, పాటలో దాని లేమి. ఈ సంప్రదాయమును విమర్శించువారిలో పెక్కుఱు అట్టను చూచి పాటను వినరేమో యని మాకు తోచుచున్నది.

1993 నవంబరులో వచ్చిన వు-టాంగ్ క్లాన్ సంపుటములోని 'క్రీమ్' అను పాట ఇట్టిదే. దాని పల్లవి మాత్రమే లోకమున ప్రచారమొందినది. సమస్తమును నగదే పాలించునని దాని భావము. పల్లవిని మాత్రము విన్నవాడు దీనిని ధనస్తోత్ర మనుకొనును. చరణములు విన్నవాడు పదునైదవయేట చెఱసాల కేగిన బాలుని నిర్వేదమును వినును. పల్లవి సిద్ధాంతము కాదు. చరణములలోని జీవితములను చూచి చేసిన ఫిర్యాదు. పల్లవిని చరణములనుండి విడదీసి ప్రమాణముగ చూపుట, శ్లోకములో ఒక పాదమును తీసికొని కవిమతమని వాదించుటవంటిది.

ఈ ద్వంద్వము పరిపూర్ణముగ కనబడునది నొటోరియస్ బి.ఐ.జి. 1994 సెప్టెంబరులో వెలువరించిన 'రెడీ టు డై' సంపుటమున. అందలి 'జ్యూసీ' యను పాట దారిద్ర్యమునుండి ఐశ్వర్యమునకు ఎక్కిన కథ. దాని ఆరంభమున కవి, తాను ఎందుకును పనికిరానివాడనని చెప్పిన ఉపాధ్యాయులందఱికి ఆ కృతిని అంకితము చేయుచున్నాడు. ఉపాధ్యాయులమైన మేము ఈ అంకితమును దాటిపోజాలము. పాటలో వచ్చు ప్రతి వస్తువును ఆ మాటకు జవాబుగ పేర్చబడినదే. ఆ సంపుటములోనే 'వార్నింగ్' అను పాట కలదు. తెల్లవాఱుజామున పిలుపు వచ్చును; తన సంపదను గూర్చి విన్న పాతపేటవారే తనను దోచుకొనుటకు పన్నాగము పన్నుచున్నారని చెలికాడు హెచ్చరించును. సంపుటపు కడపటి పాట ఆత్మహత్యను గూర్చినది. మధ్యన ఐశ్వర్యగీతము, చివర ఆత్మవినాశము - ఈ క్రమము యాదృచ్ఛికము కాజాలదు.

ఇట ఒక జాగ్రత్త అవసరము. పాటను జీవితచరిత్రగా స్వీకరింపరాదు. ఈ కవి తల్లి చిన్నపిల్లల బడిలో ఉపాధ్యాయిని. పాటలోని దారిద్ర్యవర్ణనను ఆమె పూర్తిగ అంగీకరింపలేదు. ఐశ్వర్యమువలెనే దారిద్ర్యము గూడ ఈ కవితలో అతిశయోక్తికి లోబడినదే. ఐనను పాటలోని భయము కల్పితమని కొట్టివేయుటకు వీలులేదు. ఆ కవి 1997 మార్చి 9న లాస్ ఏంజిలిస్‌లో తుపాకిగుండ్లకు బలియయ్యెను. అప్పటి కాతని వయస్సు 24 ఏండ్లు. సొమ్ము పెరిగినకొలది చిక్కులు పెరుగునను భావము గల ఆతని పాట మరణానంతరమున వెలువడి దేశమున అగ్రస్థాన మందెను.

అభద్రతకు వీథి యొక్కటియే మూలము కాదు. రికార్డుల వ్యాపారము గూడ ఒక మూలము. గాయకునికి సంస్థ ముందుగ ఇచ్చు ధనము బహుమానము కాదు, బాకీ. ధ్వనిముద్రణ వ్యయము, చిత్రీకరణ వ్యయములో కొంత, ఆ బాకీలో చేరును. గాయకుని వంతునుండి అది తీఱిన పిదప గాని ఆతనికి విక్రయముల భాగము ముట్టదు. ఎం.సి. హామర్ 1990లో వెలువరించిన సంపుటము కోటిప్రతులకు పైగ అమ్ముడుపోయినది. 1996లో ఆతడు దివాలా ప్రకటించెను. ఆతని విషయమున అమితవ్యయము ముఖ్యకారణము. కాని టి.ఎల్.సి. అను యువతుల బృందము తమ రికార్డులు దేశమంతట మ్రోగుచుండగనే 1995లో దివాలా దరఖాస్తు చేసికొనెను. తమ ఒప్పందములోని షరతులే అందుకు కారణమని వారు చెప్పిరి. చిత్రములో కనబడు కారు అద్దెది కావచ్చును. మెడలోని గొలుసు రాబోవు వంతులోనుండి విఱిగి వచ్చిన అప్పు కావచ్చును.

దీనికి పూర్వపక్షము కలదు. ఆడంబరము అభద్రతనుండి పుట్టినది కాదు, కొనువారు కోరినందున సంస్థలు అమ్మినదని కొందఱందురు. 1991లో బిల్‌బోర్డ్ పత్రిక దుకాణములలోని వాస్తవ విక్రయములను లెక్కించు పద్ధతిని చేపట్టగా, రాప్ సంపుటములకు అంతవఱకు అనుకొనినదానికంటె ఎక్కువ గిరాకీ ఉన్నట్లు తేలెను. పెట్టుబడి అటు ప్రవహించెను. 1998లో న్యూ ఆర్లియన్స్‌లోని క్యాష్ మనీ సంస్థ యూనివర్సల్ సంస్థతో గొప్ప ఒప్పందము చేసికొనగా, 1999లో ఆ సంస్థ గాయకుడు బి.జి. పాడిన 'బ్లింగ్ బ్లింగ్' మూలమున వజ్రముల తళుకును సూచించు ఆ మాట ఆంగ్ల నిఘంటువులలోనికి ఎక్కినది. ఈ వాదము కొంతవఱకు సత్యమే. కోరిక వీథిలో పుట్టినది. దానిని బిరుసుచేసి ఎగుమతి చేసినది వ్యాపారము. కాని వ్యాపారము భయమును గూడ అమ్మవలెనని కోరలేదు గదా! ఐనను భయము పాటలలో నిలిచియే యున్నది. అది కవులదే యని మా తలంపు.

ఇతర శాస్త్రముల సాక్ష్యము గూడ పరిశీలింపదగినది. చూపుకొఱకు చేయు వ్యయమును గూర్చి థార్‌స్టయిన్ వెబ్లెన్ 1899లోనే వ్రాసెను. ఆతని దృష్టి ధనికుల మీదనే ఎక్కువ. 2009లో కెర్విన్ చార్ల్స్, ఎరిక్ హర్స్ట్, నికొలాయ్ రుసానోవ్ అను అర్థశాస్త్రజ్ఞులు మఱియొక విషయమును నిరూపించిరి. సమానమైన స్థితి గల కుటుంబములను పోల్చినపుడు నల్లజాతివారును, స్పానిష్ మూలమువారును తెల్లజాతివారికంటె బట్టలు, నగలు, కార్లకై ఎక్కువ పాలు వెచ్చింతురు. కాని దీనికి జాతిస్వభావము ప్రధానకారణము కాదు. తమ చుట్టునున్న స్వజనుల సగటు ఆదాయము తక్కువైనకొలది ఇట్టి వ్యయము పెరుగును. తెల్లజాతివారిలోను ఇదే నియమము కనబడును. బీదల నడుమ నున్నవాడు తాను బీదను కానని చూపవలసిన యక్కఱ ఎక్కువ. ధనికుల నడుమ నున్నవాని కా యక్కఱ లేదు, చూడకయే నమ్ముదురు.

ఈ సంప్రదాయమునకు ఆత్మవిమర్శ తెలియదనుటయు సరికాదు. డి లా సోల్ బృందము 1996లోనే ఈ ఆడంబరమును నిరసించెను. ఆ యేడే ది రూట్స్ బృందము అద్దెభవనములతో, అద్దెకార్లతో తీయు పాటల చిత్రములను హాస్యము చేయుచు ఒక చిత్రమును తీసెను. 2004లో కాన్యే వెస్ట్ పాడిన 'ఆల్ ఫాల్స్ డౌన్' మా విషయమునకు అతిముఖ్యము. ఇతరులు తన్ను గూర్చి ఏమనుకొందురో యను బెదరు అందఱిలో నున్నదనియు, దానిని ఒప్పుకొనిన మొదటివాడను తానే యనియు, నగలు కొనుట లోనిలోటును కప్పుటకే యనియు అందులో ఆతడు పలికెను. ఆతని తల్లి విశ్వవిద్యాలయమున ఆంగ్లాచార్యులు. బాహ్యాభద్రత అంతగా లేనిచోటను ఆంతరాభద్రత ఉండునని ఈ పాట సాక్ష్యమిచ్చుచున్నది. మఱుసటి సంవత్సరము ఆతడే సియెరా లియోన్ దేశపు వజ్రములను గూర్చి పాడి, 1991 మొదలు 2002 వఱకు అచట సాగిన అంతర్యుద్ధమునకు ఆ రాళ్లతో గల సంబంధమును శ్రోతల దృష్టికి తెచ్చెను.

2017లో వచ్చిన రెండు కృతులతో ఈ పరిణామము ఒక మలుపు తిరిగినదని చెప్పవచ్చును. జే-జీ తన 'ది స్టోరీ ఆఫ్ ఓ.జే.' యను పాటలో, బ్రూక్లిన్‌లో ఒక భవనమును 20 లక్షల డాలర్లకు కొనగలిగియు కొనకపోతిననియు, ఇపుడు దాని వెల 2 కోట్ల 50 లక్షలనియు వగచి, వేడుకలలో నోట్లు వెదజల్లుట మాని ఆస్తి కూడబెట్టుడని యువకులకు చెప్పెను. చరాస్తినుండి స్థిరాస్తికి చూపు మఱలినది. కాని ఆ పాట పల్లవియే ఆ యుపదేశమును శంకించుచున్నది. ఎంత ధనమున్నను నల్లవాడు లోకము కంటికి నల్లవాడేయని దాని భావము. అదే యేట కెండ్రిక్ లమార్ వెలువరించిన 'డ్యామ్' సంపుటమున 'ఫియర్' అను పాట కలదు. అందు మూడు వయస్సులలోని మూడు భయములు వర్ణితములు. ఏడవయేట తల్లి దండనభయము, పదునేడవయేట చావుభయము, ఇరువదియేడవయేట, కీర్తిధనములు చేతికి వచ్చిన పిదప, వానిని పోగొట్టుకొందునేమో యను భయము. సంపద భయమును పోగొట్టలేదు. దానికి క్రొత్తరూప మిచ్చినది. ఆ సంపుటమునకు 2018లో పులిట్జర్ బహుమానము లభించెను.

దీనినంతటిని చెప్పుట సమర్థన కొఱకు కాదు. ఈ గేయములలో పెక్కింట స్త్రీ గూడ కారువలె, గొలుసువలె ఒక వస్తువుగ లెక్కింపబడుచున్నది. అభద్రత దీనికి కారణము కావచ్చును గాని పరిహారము కాదు. ఒంటిపై మోయు సంపద ప్రాణాపాయమును కొనితెచ్చుచునే యున్నది. 2022 సెప్టెంబరులో పి.ఎన్.బి. రాక్ అను గాయకుడు లాస్ ఏంజిలిస్‌లో ఒక భోజనశాలయందు నగల దోపిడీలో హతుడయ్యెను. రక్షణగ ధరింపబడినదే ప్రమాదహేతువగు ఈ వలయమునుండి ఈ సంప్రదాయము బయటపడినదని చెప్పుటకు వీలులేదు.

కనకాభిషేకము పొందిన శ్రీనాథుడు వార్ధక్యమున దారిద్ర్యము ననుభవించెనని చెప్పు చాటువులు మన సాహిత్యమున కలవు. ఆ చాటువుల కర్తృత్వమును గూర్చి వాదములుండవచ్చును. కాని వైభవమును చాటిన గొంతుననే లేమిని గూడ వినవలెనని మన సంప్రదాయము కోరినది. ఆ శ్రవణశక్తిని మనము ఈ పరదేశపు గేయములయెడ గూడ చూపవలెను. చాటింపును విన్నపుడు ఏ మాటకు అది జవాబో వెదకుట పరిశోధకుని ధర్మము.

సెడ్జ్‌విక్ ఎవెన్యూలోని ఆ 1520వ సంఖ్య భవనమును 2007లో న్యూయార్క్ రాష్ట్రము హిప్‌హాప్ జన్మస్థలముగ గుర్తించెను. ఆ కాలముననే ఆ భవనమును తక్కువ అద్దెల పథకమునుండి తొలగింప యజమానులు పూనుకొనగా, తమ నివాసములను నిలుపుకొనుటకై అందలివారు ఉద్యమించిరి. కూల్ హెర్క్ వారి పక్షమున నిలిచెను. ఆనాటికి ఈ గానము కోట్లకొలది డాలర్ల వ్యాపారమై యుండెను. ఆతడు తొలిరాత్రి రికార్డులు నడిపిన యింటిలో అద్దె పెరుగునను భయము మాత్రము పోలేదు.